పశువుల కొట్టం కడిగిన నీరు: పాలిమర్లతో తేటపరచడంలో సాధ్యాసాధ్యాలు

ఇంటికి రెండు మూడు పాడి పశువులున్న కాలంలో పేడ పెంటకుప్పకు చేరేది. మూత్రం కొట్టంలోని మట్టిలో ఇంకి, ఏడాదికొకసారి ఆ మట్టితో సహా పొలానికి వెళ్ళేది. కొట్టాన్ని నీటితో కడగడమనే పని దాదాపు లేదు. నేడు యాభై, వంద గేదెలను ఒకేచోట సిమెంటు గచ్చుపై కట్టి, పాలు పితికే ముందు పశువులనూ, పితికిన తరువాత గచ్చునూ గొట్టపు నీటితో కడుగుతున్నారు. పాల శుభ్రతకు ఇది అవసరమే. కాని ఆ కడుగునీరు ఎటు పోవాలన్న ప్రశ్నకు చాలా డెయిరీలలో సమాధానం లేదు. ఊరి మురుగు కాల్వ, పంటబోదె, పక్కనున్న కుంట, వీటిలో ఏది దగ్గరగా ఉంటే ఆ నీరు అందులోకి చేరుతున్నది.

ఈ నీటిని పాలిమర్లతో తేటపరచే పద్ధతి గురించి ఇటీవల పాడి రైతులు తరచుగా అడుగుతున్నారు. మురుగునీటి శుద్ధి కేంద్రాలలో, కాగితపు మిల్లులలో ఎంతోకాలంగా వాడుతున్న పద్ధతే ఇది. పశుశాలలకు దీనిని అన్వయించేటప్పుడు ప్రయోజనాలతో పాటు పరిమితులను కూడా తెలుసుకోవడం అవసరం. ఆ అవసరం నాకు ఒక పొరపాటు ద్వారా తెలిసింది. కొన్నేళ్ళ క్రితం డెల్టా ప్రాంతంలోని ఒక డెయిరీలో గాజు జాడీలో పేడనీరు పోసి, పాలిమర్ ద్రావణం కలిపి చూపించాను. రెండు నిమిషాలలో మడ్డి అడుగుకు దిగి, పైన లేత తేనీటి రంగులో తేటనీరు నిలిచింది. చూసినవారంతా సంతోషించారు. "ఇంత తేటగా ఉన్నాక పొలానికి పెట్టుకోవచ్చు గదండీ సార్?" అని ఆ రైతు అడిగారు. పెట్టుకోవచ్చునన్నాను. ఎంత పెట్టాలో చెప్పలేదు. ఆయన కొట్టం పక్కనున్న ఎకరన్నర వరికి సీజనంతా రోజూ ఆ నీరే మళ్ళించారు, ఎప్పటిలాగే యూరియా కూడా వేశారు. పైరు నల్లగా, ఏపుగా పెరిగి, గింజ పాలుపోసుకునే దశలో గాలికి పడిపోయింది. తేటగా కనిపించిన ఆ నీటిలో కరిగి ఉన్న నత్రజనిని నేను లెక్కలోకి తీసుకోలేదు. సస్య శాస్త్రం బోధించేవాడు చేయకూడని తప్పు అది. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఆ అనుభవం తరువాత వేసుకున్నవే.

కడుగునీటిలో ఏముంటుంది?

పశుశాల కడుగునీటిలోని పదార్థాలను రెండు భాగాలుగా చూడాలి. మొదటిది నీటిలో తేలియాడే ఘనపదార్థం: జీర్ణం కాని పీచు, మేత తునకలు, పేడలోని సూక్ష్మకణాలు, బాక్టీరియా. రెండవది నీటిలో పూర్తిగా కరిగి ఉన్న భాగం: మూత్రంలోని యూరియా నుండి ఏర్పడిన అమ్మోనియం, పొటాష్, ఉప్పు, కరిగే సేంద్రియ ఆమ్లాలు.

ఘనపదార్థంలో పెద్ద పీచును ఇనుప జల్లెడతో ఆపవచ్చు. కాని సేంద్రియ నత్రజనిలోనూ, భాస్వరంలోనూ అధికభాగం పావు మిల్లీమీటరు కంటె చిన్న కణాలలో ఉంటుంది. ఇవి జల్లెడలోంచి జారిపోతాయి. తొట్టిలో నిలువ ఉంచినా త్వరగా దిగవు. ఈ కణాల ఉపరితలంపై ఋణావేశం ఉండటం వలన ఒకదానినొకటి వికర్షించుకుంటూ నీటిలోనే తేలియాడుతాయి. కుంటలో చేరిన తరువాత ఇవే కుళ్ళి, నీటిలోని ప్రాణవాయువును హరించి, దుర్వాసననూ, గుర్రపుడెక్కనూ పెంచుతాయి.

పాలిమర్ పనిచేసే తీరు

పాలు విరిగినప్పుడు విరుగు ఒకవైపు, తేట ఒకవైపు వేరుపడటం పాడి రైతుకు తెలిసిన దృశ్యమే. పేడనీటిలో పాలిమర్ చేసే పని చూడటానికి అటువంటిదే. ఇందుకు ఎక్కువగా వాడేది పాలీఅక్రిలమైడ్. దీని అణువు చాలా పొడవైన గొలుసు. అణుభారం లక్షలలో, కోట్లలో ఉంటుంది. ఈ గొలుసుపై ధనావేశం గల సమూహాలను అమర్చితే అది కాటయానిక్ రకం, ఋణావేశం గలవైతే అనయానిక్ రకం, ఆవేశం లేకపోతే నాన్ అయానిక్ రకం అవుతుంది.

పేడ కణాలు ఋణావేశం గలవి కాబట్టి పశువుల వ్యర్థ జలాలకు కాటయానిక్ రకం అనువైనది. గొలుసులోని ధనావేశం కణాల ఆవేశాన్ని కొంతమేరకు తటస్థపరుస్తుంది. అదే గొలుసు ఒక కొస ఒక కణానికి, మరొక కొస వేరొక కణానికి అంటుకొని వంతెనలా నిలుస్తుంది. ఈ విధంగా వేల కణాలు కలిసి కంటికి కనిపించే కుచ్చులుగా మారి అడుగుకు దిగుతాయి, లేదా జల్లెడపై ఆగుతాయి.

పాలిమర్ ఎక్కువైతే ఫలితం పెరగకపోగా తగ్గుతుంది. కణాల చుట్టూ ధనావేశం పేరుకొని అవి మళ్ళీ వికర్షించుకుంటాయి. నీరు మసకబారి జిగురుగా మారుతుంది. ఆ జిగురు ఇసుక మడిలోని రంధ్రాలను పూడ్చివేస్తుంది. "కొంచెం ఎక్కువైతే నష్టమేముంది" అనే అలవాటు ఇక్కడ పనికిరాదు.

నార్త్ కరోలినా అనుభవం

ఈ పద్ధతికి పశుశాలల స్థాయిలో విస్తృతమైన పరీక్ష అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో జరిగింది. అక్కడ పందుల ఫారాల వ్యర్థాలను పెద్ద మట్టికుంటలలో నిలువచేసి, ఆ నీటిని పొలాలపై చిమ్మేవారు. 1995 జూన్‌లో అటువంటి ఒక కుంట గట్టు తెగి సుమారు రెండున్నర కోట్ల గ్యాలన్ల వ్యర్థం నదిలో కలిసింది. 1999 సెప్టెంబరులో వచ్చిన ఫ్లాయిడ్ తుఫాను వరదలో అనేక కుంటలు మునిగిపోయాయి. మరుసటి సంవత్సరం రాష్ట్ర ప్రభుత్వ న్యాయాధికారికీ, పెద్ద పంది మాంస సంస్థలకూ మధ్య జరిగిన ఒప్పందం ప్రకారం ప్రత్యామ్నాయ పద్ధతులను పరీక్షించారు.

వాటిలో ఒక పద్ధతిని అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన ఫ్లోరెన్స్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు రూపొందించారు. పలుచని వ్యర్థ జలంలో జల్లెడ ఒక్కటే తేలియాడే ఘనపదార్థంలో 15 శాతం వరకు మాత్రమే ఆపగలిగిన చోట, మధ్యస్థ ఆవేశం గల కాటయానిక్ పాలీఅక్రిలమైడ్ కలిపిన తరువాత 90 శాతానికి పైగా ఆగింది. ఇంతవరకు పాలిమర్ పని. వారు అక్కడితో ఆగలేదు. తేటనీటిలోని అమ్మోనియంను బాక్టీరియా సాయంతో నైట్రేటుగా, తరువాత నత్రజని వాయువుగా మార్చారు. మిగిలిన కరిగే భాస్వరాన్ని సున్నంతో అవక్షేపింపజేశారు. ఈ మూడు దశలూ కలిసినప్పుడే నత్రజని, భాస్వరం, సేంద్రియ భారం, దుర్వాసన గణనీయంగా తగ్గాయి.

సాంకేతికంగా విజయవంతమైనా ఆ విధానం అక్కడి ఫారాలలో విస్తృతంగా నెలకొనలేదు. పాత కుంటలతో పోల్చితే ఖర్చు ఎక్కువ కావడమే ఇందుకు ప్రధాన కారణం. 2007లో ఆ రాష్ట్రం కొత్త కుంటలను నిషేధించింది కాని, ఉన్నవి కొనసాగాయి. మనం ఇక్కడ నేర్వవలసినవి రెండు. పాలిమర్ మొత్తం శుద్ధిలో మొదటి మెట్టు మాత్రమే. తరువాతి మెట్లకు యంత్రాలు పెట్టలేని రైతుకు మిగిలే మార్గం పైరే. నత్రజనిని తీసుకునే పని పశుగ్రాసానికి అప్పగించాలి.

జాడీ పరీక్ష

ప్రతి డెయిరీ కడుగునీరు వేరుగా ఉంటుంది. పేడను ముందుగా ఎత్తివేస్తారా, ఎంత నీరు వాడుతారు, ఏ మేత వేస్తారు అన్నవాటిని బట్టి మోతాదు మారుతుంది. అందువలన పాలిమర్ కొనడానికి ముందే, రెండు మూడు రకాల నమూనాలు తెప్పించుకొని జాడీ పరీక్ష చేయాలి.

రెండు గ్రాముల పొడిని బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసులో తూచి, ఒక లీటరు మంచినీటిలో కలపాలి. నీటిని కర్రతో సుడి తిప్పుతూ పొడిని చిటికెడు చిటికెడుగా చల్లాలి. ఒక్కసారిగా పోస్తే పైన తడిసి లోపల పొడిగానే ఉండే ఉండలు కడతాయి, అవి ఇక కరగవు. గంటసేపు అప్పుడప్పుడు కలుపుతూ ఉంచితే చిక్కని ద్రావణం తయారవుతుంది. ఇందులో ఒక మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాముల పాలిమర్ ఉంటుంది. ఉప్పునీటితో, ఇనుము ఎక్కువగా ఉన్న బోరు నీటితో ద్రావణం చేస్తే పొడవైన గొలుసులు ముడుచుకుపోయి శక్తి తగ్గుతుంది. తయారుచేసిన ద్రావణాన్ని ఏ రోజుకారోజు వాడటం మంచిది.

ఐదు పారదర్శకమైన జాడీలలో లీటరు చొప్పున, జల్లెడ పట్టి బాగా కలిపిన కడుగునీటిని తీసుకోవాలి. వరుసగా 10, 25, 40, 50, 75 మిల్లీలీటర్ల ద్రావణం కలపాలి. అంటే లీటరుకు 20, 50, 80, 100, 150 మిల్లీగ్రాముల మోతాదులు. అర నిమిషం వేగంగా, రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా కలిపి పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. జాడీ వెనుక అచ్చు కాగితం పెట్టినప్పుడు అక్షరాలు కనిపించే స్థాయికి నీటిని తేర్చిన మోతాదులలో అతి తక్కువదాన్ని ఎంచుకోవాలి. మేత మారినప్పుడు, వానాకాలం మొదట్లో, వేసవి మొదట్లో ఈ పరీక్షను తిరిగి చేయాలి.

కొట్టం కడగడానికి డిటర్జెంటు ఎక్కువగా వాడిన రోజున పాలిమర్ పనిచేయడం లేదని కొందరు చెబుతారు. అది నిజమే. సాధారణ డిటర్జెంట్లు ఋణావేశం గలవి. పేడ కణాల కంటె ముందే అవి పాలిమర్‌ను పట్టుకుంటాయి. పాల క్యాన్లు, పితికే యంత్రాలు కడిగిన సబ్బునీటిని వేరు కాలువలో పంపడం దీనికి పరిష్కారం. అలాగే కుచ్చులు ఏర్పడిన తరువాత ఆ నీటిని మోటారుతో తోడితే కుచ్చులు చితికిపోతాయి. ముందు తోడి ఎత్తైన తొట్టిలో నింపి, అక్కడ పాలిమర్ కలిపి, వాలుగా ఇసుక మడులకు పారించాలి.

యాభై గేదెల డెయిరీకి ఒక లెక్క

ఉదాహరణకు 50 గేదెలున్న డెయిరీలో పేడను ముందుగా పారతో ఎత్తివేసి, గేదెకు 80 లీటర్ల చొప్పున కడుగునీరు వస్తున్నదనుకొందాం. రోజుకు 4,000 లీటర్లు. లీటరుకు 5 గ్రాముల ఘనపదార్థం తేలియాడుతూ ఉంటే మొత్తం 20 కిలోలు. జాడీ పరీక్షలో లీటరుకు 100 మిల్లీగ్రాములు తగిన మోతాదుగా తేలితే రోజుకు 400 గ్రాముల పాలిమర్ కావాలి. దానిని 200 లీటర్ల ద్రావణంగా కలపాలి. పాలిమర్ ధర కిలో 250 రూపాయలైతే రోజుకు 100 రూపాయలు, అనగా గేదెకు 2 రూపాయల ఖర్చు. తొట్లు, మోటారు, కూలి దీనికి అదనం.

ఘనపదార్థంలో 90 శాతం ఆగితే 18 కిలోల పొడి పదార్థం సుమారు 450 లీటర్ల మడ్డిగా దిగుతుంది. మిగిలిన 3,750 లీటర్లు తేటనీరు. మడ్డిని 20 సెంటీమీటర్ల మందాన పారించడానికి రోజుకు రెండుంబావు చదరపు మీటర్ల ఇసుక మడి చాలు. ఆరి, ఎత్తడానికి 15 రోజులు పడితే మొత్తం 34 చదరపు మీటర్లు కావాలి. వానాకాలంలో పైన రేకుల కప్పు తప్పనిసరి.

ఇక ముఖ్యమైన లెక్క. అమ్మోనియం నీటిలో కరిగి ఉంటుంది కాబట్టి పాలిమర్ దానిని పట్టుకోదు. తేటనీటిలో లీటరుకు 150 మిల్లీగ్రాముల నత్రజని మాత్రమే ఉన్నదనుకొన్నా, రోజుకు సుమారు 560 గ్రాములు, ఏడాదికి 205 కిలోలు అవుతుంది. 45 కిలోల యూరియా బస్తాలలో చెప్పాలంటే దాదాపు పది బస్తాలు. తేటగా కనిపించే నీటిలో కంటికి కనిపించకుండా పది బస్తాల యూరియా ఉన్నదన్నమాట. నేను ఆనాడు చెప్పకుండా వదిలివేసినది ఇదే.

తేటనీటికి తగిన పైరు

ఈ నత్రజనిని ఏడాది పొడవునా తీసుకోగల పైరు హైబ్రిడ్ నేపియర్. ఎకరాకు ఏడాదికి 80 టన్నుల పచ్చిమేత వస్తుందనీ, అందులో 18 శాతం పొడి పదార్థం, పొడి పదార్థంలో 1.4 శాతం నత్రజని ఉంటాయనీ తీసుకుంటే, ఆ పైరు నేల నుండి తీసుకునే నత్రజని సుమారు 200 కిలోలు. అంటే పై డెయిరీ తేటనీటికి కనీసం ఒక ఎకరం నేపియర్ కావాలి, ఆ ఎకరానికి వేరుగా యూరియా వేయకూడదు. నీటి పరిమాణం చూస్తే ఎకరాకు రోజుకు ఒక మిల్లీమీటరు కూడా రాదు. కాబట్టి మామూలు సాగునీరు కూడా పెట్టవలసి ఉంటుంది. తేటనీటిని అందులో కలిపి పారించవచ్చు. నీరు తక్కువగా ఉన్నది గదా అని అరెకరానికే పరిమితం చేస్తే నత్రజని రెట్టింపవుతుంది. మిగిలినది నైట్రేటుగా బోరు నీటిలోకి దిగుతుంది, మేతలోనూ పేరుకుంటుంది. నైట్రేటు ఎక్కువైన మేత పశువులకు ప్రమాదకరం.

వరికి ఈ నీరు పెట్టదలచినవారు నీటి పరీక్ష చేయించి, అందులోని నత్రజనిని సిఫారసు చేసిన మోతాదు నుండి మినహాయించాలి. చిరుపొట్ట దశ దాటిన తరువాత ఆపివేయాలి. విద్యుత్ వాహకత, సోడియం కూడా పరీక్షించాలి. ఉప్పదనం ఎక్కువున్న బోరు నీటితో కొట్టం కడిగే ప్రాంతాలలో, నల్లరేగడి నేలలలో ఇది మరీ ముఖ్యం. పచ్చిగా తినే కూరగాయలకు ఈ నీరు వాడకూడదు. పాలిమర్ రోగక్రిములను చంపదు.

సాగుకు వాడే వ్యర్థ జలాలలో తేలియాడే ఘనపదార్థం లీటరుకు 200 మిల్లీగ్రాములు, జీవరసాయన ప్రాణవాయువు అవసరం 100 మిల్లీగ్రాములు మించరాదని మన పర్యావరణ నిబంధనలలోని సాధారణ ప్రమాణం చెబుతున్నది. పాలిమర్ మొదటి పరిమితిని చేరుకోవడానికి తోడ్పడుతుంది. రెండవది దానివలన మాత్రమే నెరవేరకపోవచ్చు. డెయిరీలకూ గోశాలలకూ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో ప్రత్యేక మార్గదర్శకాలను విడుదల చేసింది. పెద్ద డెయిరీల నిర్వాహకులు వాటిని తప్పక చదవాలి.

మడ్డి వినియోగం, పాలిమర్ భద్రత

ఇసుక మడిలో ఆరిన మడ్డిలో సేంద్రియ నత్రజని, భాస్వరం సమృద్ధిగా ఉంటాయి. వరిగడ్డి లేదా ఊకతో కలిపి కుప్ప వేసి, లోపలి వేడి 55 డిగ్రీలకు పైగా 15 రోజులు నిలిచేలా ఐదుసార్లు తిరగవేస్తే రోగక్రిములూ, కలుపు విత్తనాలూ చాలావరకు నశిస్తాయి.

రైతులు తప్పక అడిగే ప్రశ్న, అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ మందు మేతలోకి, పాలలోకి రాదా? పాలీఅక్రిలమైడ్ గొలుసు చాలా పెద్దది కాబట్టి వేళ్ళ ద్వారా మొక్కలోకి ప్రవేశించదు. ఆందోళన కలిగించేది దాని తయారీలో మిగిలిపోయే అక్రిలమైడ్ అనే చిన్న అణువు. అది నాడీమండలానికి హానికరం. మానవులలో క్యాన్సర్ కలిగించే అవకాశం గల పదార్థాల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దానిని చేర్చింది. నేలలో అది త్వరగానే విచ్ఛిన్నమవుతుంది. అయినా తాగునీటి శుద్ధికి అనుమతించే శ్రేణి, అనగా అక్రిలమైడ్ శేషం 0.05 శాతం మించని రకాన్ని మాత్రమే కొనాలి. ఆ వివరం రాసి ఇవ్వని వ్యాపారి వద్ద, చౌక అయినా, కొనకూడదు.

గొలుసు మాత్రం నేలలో నెమ్మదిగా క్షీణిస్తుంది. ఏడాదికి సుమారు 10 శాతమని సాధారణ అంచనా. పై లెక్క ప్రకారం ఏడాదికి 146 కిలోల పాలిమర్, అధికభాగం మడ్డితోనే, నేలకు చేరుతుంది. జర్మనీ ఎరువుల నిబంధనలు ఇటువంటి సింథటిక్ పాలిమర్లు రెండేళ్ళలో కనీసం 20 శాతం విచ్ఛిన్నం కావాలని కోరుతున్నాయి. మనకు అటువంటి నిబంధన వచ్చేవరకు, ఈ కంపోస్టును ఏటా ఒకే మడిలో గుమ్మరించకుండా ఎక్కువ విస్తీర్ణంలో పలుచగా, మార్చి మార్చి వేయడం వివేకం.

చేపల చెరువులున్న ప్రాంతాలలో మరొక హెచ్చరిక అవసరం. కాటయానిక్ పాలిమర్ చేపల మొప్పలకు అంటుకొని ఊపిరి ఆడనివ్వదు. అమ్మోనియా కూడా చేపలకు విషమే. కాబట్టి తేటనీరు ఎంత నిర్మలంగా కనిపించినా చెరువుకు పోయే బోదెలోకి వదలరాదు. పొడి కలిపే మనిషి ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగులు ధరించాలి. ద్రావణం నేలపై ఒలికితే విపరీతంగా జారుతుంది. నీళ్ళు పోసి కడగకుండా, ముందు ఇసుకగాని రంపపు పొట్టుగాని చల్లి ఎత్తివేయాలి.

చిల్లగింజ నుండి రొయ్య పెంకు వరకు

నీటిని తేర్చే విద్య మనకు కొత్త కాదు. బురదనీటి కుండ లోపల చిల్లగింజను అరగదీసి నీరు తేర్చుకోవడం పల్లెలలో ఉన్న అలవాటే. కతకమనే పేరుతో దీనిని సుశ్రుత సంహిత పేర్కొన్నది. మునగ గింజల పిండిలో ధనావేశం గల ప్రొటీన్లు ఉన్నందున అదీ ఇదే విధంగా పనిచేస్తుంది. అయితే పేడనీటిలో ఘనపదార్థం బురదనీటి కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. రోజుకు వేల లీటర్లకు సరిపడా గింజలు సమకూర్చడం ఆచరణలో కష్టం. పటిక సులభంగా దొరుకుతుంది, కరిగే భాస్వరాన్ని కూడా పట్టుకుంటుంది. కాని మడ్డి పరిమాణాన్ని పెంచుతుంది, ఆ భాస్వరం పైరుకు త్వరగా అందదు.

మన రాష్ట్రానికి ఎక్కువ ఆశ కలిగించేది కైటోసాన్. రొయ్య పెంకులోని కైటిన్ నుండి తయారయ్యే ఈ సహజ పాలిమర్ ధనావేశం గలది, నేలలో జీర్ణమవుతుంది. డెయిరీ వ్యర్థ జలాలపై అమెరికాలో దీనిని పాలీఅక్రిలమైడ్‌తో పోల్చి పరీక్షించారు. ఘనపదార్థాన్ని వేరుచేయడంలో ఇది కూడా సమర్థంగా పనిచేసింది. దీనిని పలుచని ఎసిటిక్ ఆమ్లంలో కరిగించుకోవాలి. పి.హెచ్. పెరిగేకొద్దీ దీని ఆవేశం తగ్గుతుంది. ధర ప్రస్తుతానికి అడ్డంకి. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం కాబట్టి, శుద్ధి కేంద్రాలలో వ్యర్థంగా మిగిలే పెంకు నుండి మురుగునీటి శ్రేణి కైటోసాన్‌ను చౌకగా తయారుచేయడం పరిశోధకులు చేపట్టదగిన పని. ఒక వృత్తి వ్యర్థం మరొక వృత్తి వ్యర్థాన్ని శుద్ధి చేయడం కంటె కోరదగినదేముంటుంది?

రైతులకు సూచన

పాలిమర్ గురించి ఆలోచించే ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. పేడను కడగడానికి ముందే ఎత్తివేయాలి; కొళాయి గొట్టానికి మూత బిగించి నీటి వాడకం తగ్గించాలి; వాననీరు కొట్టంలోకి రాకుండా చూడాలి. ఇవి పాటిస్తే కడుగునీరు తగ్గుతుంది, పాలిమర్ ఖర్చు కూడా తగ్గుతుంది. పది లోపు పశువులున్నవారికి ఈ మూడు పనులు, చిన్న గోబర్ గ్యాస్ ప్లాంటు, కొద్దిపాటి గడ్డిమడి సరిపోతాయి. పాలిమర్ అవసరం లేదు. పెద్ద డెయిరీలకు ఇది ఉపయోగకరమైన సాధనం. అయితే తొట్టి కట్టడానికి ముందే, ఆ తేటనీటిని తీసుకోగల గడ్డి నేల తమకు ఎన్ని ఎకరాలున్నదో లెక్క చూసుకోవాలి. నేల లేనివారు పక్క రైతుతో ఒప్పందం చేసుకోవాలి. అదీ కుదరకపోతే పశువుల సంఖ్యను పెంచే ఆలోచన మానుకోవడమే మేలు.

వరి పడిపోయిన ఆ రైతు తరువాతి సంవత్సరం ఆ ఎకరన్నరలో నేపియర్ నాటారు. తొట్టి, పాలిమర్, ఇసుక మడి అన్నీ పాతవే. ఇప్పుడు నేను ఏ డెయిరీకి వెళ్ళినా జాడీ పరీక్ష ఆఖరున చేస్తున్నాను. ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "మీకు గడ్డి నేల ఎంత ఉందండీ?"